ముద్ర లేని కాటా

గుంటూరు జిల్లాలో మా నాన్నగారికి చిన్న కిరాణా కొట్టు ఉండేది. తూనికలు కొలతల శాఖ వాళ్ళు వచ్చి, కాటా రాళ్ళు పరీక్షించి, ముద్ర వేసి వెళ్ళేవారు. అయినా సరుకులకి వచ్చే అమ్మమ్మలకి ఆ ముద్ర కన్నా తమ కళ్ళ మీదే నమ్మకం ఎక్కువ. ముల్లు నిలబడేదాకా కన్నార్పకుండా చూసి, ఆపైన కొసరు అడిగేవారు. నాన్నగారు విసుక్కుంటూనే గుప్పెడు పప్పు కలిపేవారు.

కాలిఫోర్నియాలో నేను తయారుచేసిన కాటా ఒకటుంది. ఇక్కడ గ్యాస్ పంపు మీద కూడా కౌంటీ వాళ్ళ సీలు ఉంటుంది. నా కాటాకి ముద్రా లేదు, ముల్లూ లేదు.

క్లౌడ్ మార్కెట్‌ప్లేస్ అంటే సాఫ్ట్‌వేరు సంత అనుకోండి. అమెజాన్ వారిది 2012లో మొదలైంది. మైక్రోసాఫ్ట్, గూగుల్ వారి సంతలూ ఉన్నాయి. అక్కడ సాఫ్ట్‌వేరు కొన్నవారు విడిగా డబ్బు కట్టక్కర్లేదు, నెలనెలా వచ్చే క్లౌడ్ బిల్లులోనే అదీ ఒక వరుసగా చేరుతుంది. వారు కట్టాక, సంత నడిపేవారు తమ రుసుము మినహాయించుకుని మిగతాది అమ్మినవారి ఖాతాకి పంపుతారు. మైక్రోసాఫ్ట్ 2021లో ఈ రుసుమును నూటికి 20 నుంచి 3కి దించింది.

వాడకాన్ని బట్టి ధర ఉన్నచోటే అసలు చిక్కు. ఎంత వాడారో సంత వారికి తెలియదు. అమ్మేవాడి ప్రోగ్రామే లెక్కపెట్టి, గంటగంటకీ ‘ఫలానా వారు ఇంత వాడారు’ అని కబురు పంపుతుంది. ఆ అంకెని ధరతో హెచ్చవేసి బిల్లు వేస్తారు.

ఒక చిన్న కంపెనీకి ఆ లెక్కల ప్రోగ్రాము రాసింది నేనే. కబురు అందినట్టు జవాబు రాకపోతే మళ్ళీ పంపాలి. అదే గంట పేరుతో పంపితే సంత వారు రెండోదాన్ని లెక్కలోకి తీసుకోరు. నా ప్రోగ్రాము మాత్రం కొత్త గంట పేరు వేసి పంపింది. నెట్‌వర్కు మొరాయించినప్పుడల్లా ఒక గంట వాడకం రెండుసార్లు పడింది. ఇలా 5 నెలలు. ఒక్కొక్కరికి నెలకి పదో పదిహేనో డాలర్లు ఎక్కువ. వేలల్లో వచ్చే బిల్లులో అది ఎవరి కంటికి ఆనుతుంది?

ఈ తప్పు వల్ల అమ్మినవాడికి లాభం. రుసుము రూపంలో సంతకీ లాభం. నష్టపోయినవాడికి నష్టపోయినట్టే తెలియదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. 12 రోజులు నోరు విప్పలేదు. ఆ రోజుల్లోనే నా కాంట్రాక్టు పొడిగింపు మీద సంతకం జరగాలి. ‘ఇంకా పరీక్షిస్తున్నాను’ అని నాకు నేనే చెప్పుకున్నాను. పరీక్ష మొదటి రాత్రే అయిపోయింది.

సంతకం అయ్యాక చెప్పాను. యజమాని చెడ్డవాడు కాడు. “ఇకమీదట సరిచేద్దాం. ఎవరూ అడగలేదు కదా!” అన్నాడు. డబ్బు వాపసు ఇస్తే రాబోయే చెల్లింపుల్లో కోత పడుతుంది. జీతాలకి తడుముకోవాలి.

అడగకపోవడం ఒప్పుకోవడమేనా? ముల్లు చూసిన అమ్మమ్మ మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే. ముల్లే కనబడనిచోట మాట్లాడకపోవడం ఒప్పుకోలు కాదు, నమ్మకం. ఆ నమ్మకాన్ని ఒప్పుకోలు కింద జమ వేసుకోవచ్చా? ప్రోగ్రాములో జరిగింది పొరపాటు. నాకు తెలిసిన రాత్రితో అది పొరపాటు కాకుండా పోయింది. ఆ తర్వాత 12 రోజులకి వేరే పేరుంది.

ఇదే అతనితో అన్నాను, నా 12 రోజుల సంగతీ దాచలేదు. అతను చాలాసేపు మాట్లాడలేదు. చివరికి మూడు విడతల్లో వాపసు ఇచ్చాం. గంటగంట లెక్క కొన్నవారికీ కనబడేలా పెట్టాం.

ఇద్దరు మాత్రం అప్పటికే ఖాతాలు మూసి వెళ్ళిపోయారు. రాసిన ఉత్తరాలకి జవాబు లేదు. ఆ డబ్బు ఏదైనా దానం చేసేద్దామన్నాడు యజమాని. పరాయి సొమ్ముతో పుణ్యం మనకెలా వస్తుందన్నాను. ఆ నూట చిల్లర డాలర్లు ఇప్పటికీ వారి పేరునే ఉన్నాయి.

ఫోనులో నాన్నగారికి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, “కొసరు కూడా కలిపి ఇచ్చారా?” అని అడిగారు.

కలపలేదు. ఆ ఆలోచనే మాకు రాలేదు.