దైవచిత్తం చీటీలలో దొరుకుతుందా?



కుమార్తెకు రెండు సంబంధాలు వచ్చినప్పుడు మన కుటుంబాలు కొన్నింటిలో ఒక అలవాటు కనిపిస్తుంది. రెండు చీటీలు వ్రాసి, మరియమాత స్వరూపం ముందుంచి, జపమాల చెప్పి, చిన్నబిడ్డ చేత ఒకటి తీయిస్తారు. వచ్చినదే దైవచిత్తం అనుకుంటారు. నచ్చనిది వస్తే మాత్రం, "మూడుసార్లు తీద్దాం" అంటారు!

ఒకసారి అలా తేల్చుకొన్న తండ్రి ఒకరు పెండ్లి ప్రకటన చదవమని నా దగ్గరకు వచ్చారు. ప్రక్కనున్న అమ్మాయి తల ఎత్తలేదు. "నిన్ను ఎవరైనా అడిగారా, తల్లీ?" అన్నాను. కన్నీళ్లే జవాబు. ఆ ఆదివారం ఆ ప్రకటన చదువలేదు. ఇష్టపూర్వకమైన సమ్మతి లేనిదే వివాహమే లేదని శ్రీసభ బోధ.

యూదా స్థానంలో మత్తియాను చీట్లు వేసియే ఎన్నుకొన్నారు గదా అని మీరు అడుగవచ్చు (అ.కా. 1:26). నిజమే. అది పెంతెకోస్తుకు ముందు మాట. పవిత్రాత్మ దిగివచ్చిన పిమ్మట, అన్యులలోనుండి వచ్చిన విశ్వాసులకు సున్నతి అవసరమా అనే చిక్కు ఏర్పడినప్పుడు, అపొస్తలులు, పెద్దలు యెరూషలేములో సమావేశమై, ఒకరి మాట ఒకరు ఆలకించి, పవిత్రాత్మ తోడ్పాటుతో తీర్మానించారు (అ.కా. 15). జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం పొందిన మనలోను ఆ ఆత్మయే నివసిస్తున్నాడు.

1521లో పాంప్లోనా యుద్ధంలో ఫిరంగి గుండుకు కాలు విరిగి మంచం పట్టిన లొయోలా ఇగ్నేషియస్ వారు క్రీస్తు చరిత్ర, పునీతుల చరిత్రలు చదివారు. లోకకీర్తిని ఊహించుకొన్నప్పుడు కలిగిన సంతోషం కాసేపటికే పోయి మనసు ఎండిపోయేది. పునీతులవలె జీవించాలన్న తలంపు తెచ్చిన సంతోషం మాత్రం నిలిచి ఉండేది. ఈ తేడాను గమనించడమే ఆయనకు దైవచిత్తాన్ని చూపిన దీపం.

మనమేమి చేయాలి? మొదట, పది ఆజ్ఞలకు విరుద్ధమైనది దైవచిత్తం కాజాలదు. కట్నంపై ఆశతో, అబద్ధాలతో కుదిర్చే సంబంధాన్ని గురించి దేవుని అడుగనక్కరలేదు. రెండవది, "ఏదైనా సరే ప్రభువా" అని మనసారా అనగలిగేవరకు ప్రార్థించాలి. మూడవది, ఒక్కొక్క దారిని దేవుని ఎదుట తలచుకొని, నిలిచే శాంతి ఎందులో ఉందో చూడాలి. విచారణ గురువులను, దైవభీతిగల పెద్దలను సంప్రదించాలి. ఎవరి జీవితమో వారిని తప్పక అడగాలి. చివరిగా, మంచిగా ఆలోచించి చేసిన నిర్ణయాన్ని మనసు క్రుంగిన వేళలో మార్చరాదని ఇగ్నేషియస్ వారి హితవు.

గెత్సేమని తోటలో క్రీస్తునాథుడు తన కోరికను తండ్రికి దాచకుండా చెప్పుకొని, ఆ పిమ్మట తండ్రి చిత్తానికే తలవంచాడు (లూకా 22:42). ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో పరలోకజపం చెప్పునప్పుడు తండ్రి చిత్తాన్ని కోరే మాటవద్ద ఒక్క క్షణం ఆగండి. మీ ఇంట తేలవలసిన విషయాన్ని అక్కడ ఉంచండి. ఆ తరువాత మీ బిడ్డను ప్రక్కన కూర్చోబెట్టుకొని, ఆమె మాట వినండి.