వడ్లవాని కుమారుడు, ఆటోవాని కుమారుడు



ఆటలో ఓడినవానిని గూర్చి హాస్యమాడుట పాపమా అని మన యౌవనస్థులు అడుగుచున్నారు. ఈ దినములలో క్రికెట్టు ఆట ముగియకమునుపే, సరిగా ఆడనివాని బొమ్మకు వెక్కిరింపు మాటలు తగిలించి ఫోనులలో పంపుకొనుచున్నారు. మన సంఘములవారును ఇందులో వెనుకబడలేదు. "ఊరకే నవ్వుకొనుటకే గదా, అయ్యగారూ" అని వారి సమాధానము.

నవ్వు దేవుడిచ్చినదే. శారా నవ్వెను, ఆమె కుమారుని పేరునకు అర్థమే నవ్వు. చేతిలోపడిన బంతిని జారవిడిచిన వానిని చూచి "అయ్యో, ఎంత పని చేసితివి" అనుటయు తప్పు కాదు. డబ్బు పుచ్చుకొని ఆడువాని ఆటను విమర్శించు హక్కు చూచువారికి కలదు. అయితే ఎగతాళి బంతియొద్దనే నిలుచుచున్నదా?

హైదరాబాదు వాస్తవ్యుడైన మహమ్మద్ సిరాజ్ సంగతి చూడుడి. అతని తండ్రి మహమ్మద్ గౌస్ ఆటో నడిపి కుటుంబమును పోషించెను. 2019 ఐ.పి.ఎల్. పోటీలలో కోల్‌కతా జట్టుతో జరిగిన ఆటలో సిరాజ్ బౌలింగు చెడిపోయెను. అప్పుడు జనులు, క్రికెట్టు మాని తండ్రితోకూడ ఆటో నడుపుకొనుమని వెక్కిరించిరి. ఈ సంగతి 2022లో అతడే చెప్పెను. బంతి వేసినది కుమారుడు. దెబ్బ తగిలినది తండ్రి కష్టార్జితమునకు. ఆటో నడుపుట సిగ్గుపడవలసిన పనియా? ఈ పత్రిక చదువు మన యిండ్లలో ఆటో నడుపువారు, కూలికి పోవువారు, గొర్రెలు మేపువారు ఎందరు లేరు! ఆ మాటకు నవ్విన మన చిన్నవాడు తన తండ్రిని చూచియే నవ్వెను. అది వానికి తెలియలేదు, అంతే.

ఇది క్రొత్త సంగతి కాదు. ప్రభువు నజరేతులో బోధించినప్పుడు ఆ ఊరివారు ఆ బోధలో తప్పు చూపలేక, వడ్లవాని కొడుకే గదా అని ఆయన యింటివారి పేర్లు ఏకరువు పెట్టిరి (మత్తయి 13వ అధ్యాయము). అట్లు పలికినవారు రాజులు కారు, పల్లెటూరివారే. బీదవాడు బీదవానిని అతని వృత్తినిబట్టి హేళనచేయుట నాకు అన్నిటికంటె దుఃఖకరముగా తోచుచున్నది.

వృత్తి కానియెడల మతము. 2021 అక్టోబరు 24న దుబాయిలో పాకిస్తాను జట్టు మన జట్టును పది వికెట్ల తేడాతో ఓడించెను. ఓడినవారు పదునొకండుగురు. అయినను మహమ్మద్ షమీని ప్రత్యేకముగా ఏరి, అతని మతమునుబట్టి దూషించిరి. ఈ దేశములో కొద్దిమందిమైయున్న మనము ఆ నవ్వులో ఏ ముఖముతో కలియుదుము?

"ఊరకే ఆడితిని" అనువానిగూర్చి సామెతలు 26వ అధ్యాయము 18, 19 వచనములు చదువుడి. అక్కడ జ్ఞాని అట్టివానిని కొరవులును అంబులును విసరు వెఱ్ఱివానితో పోల్చుచున్నాడు. విసరినవాడు నవ్వుచు విసరెనా, కోపముతో విసరెనా అని గడ్డివాము అడుగదు, కాలిపోవును.

"మరియొకరు వ్రాసినదానిని పంపితినంతే" అనునది ఇంకొక సాకు. కన్నులు పోయి, సంకెళ్లతోనున్న సమ్సోనును ఫిలిష్తీయులు వినోదమునకై తెప్పించిన దినమున, మిద్దెమీద ఇంచుమించు మూడువేలమంది స్త్రీపురుషులు చూచుచుండిరి. అతని కన్నులు ఊడదీసినవారు వారిలో ఎందరుందురు? తక్కినవారు వేడుక చూచినవారు మాత్రమే. సమ్సోను తన తప్పిదమువలననే పడెను, కాదనలేము. అయినను ఆ మిద్దెమీద చోటు కోరుకొందుమా?

కొందరు బోధకులు సిరాజ్ కథను వేరుగా ముగింతురు. 2025 ఆగస్టు 3న లండనులోని ఓవల్ మైదానమున అతడు క్యాచి పట్టియు హద్దు త్రాడు త్రొక్కెను. మరునాడు తానే ఆఖరి వికెట్టు తీసి 6 పరుగులతో జట్టును గెలిపించెను. చూడుడి, నవ్వినవారి నోళ్లు మూతపడెను అందురు. వినుటకు బాగుగనే యుండును. కాని ఆ వికెట్టు పడకపోయినయెడల వెక్కిరింపు న్యాయమగునా? గెలిచినందుకే మన్నింపవలెనన్నచో, ఓడి ఇంటికి పోయి మరల ఎన్నడును పిలువబడని ఆటగాని గతి ఏమి? యాకోబు తన పత్రిక 3వ అధ్యాయమున, మనము నాలుకతో శపించు మనుష్యులు దేవుని పోలికను ధరించినవారని చెప్పుచున్నాడు; గెలిచిన మనుష్యులు అని వ్రాయలేదు. యౌవనుల కూటములో ఆ అధ్యాయము చదువుడి. ఫోనులు చేతిలో ఉంచుకొనియే చదువుడి.