పూటపడుట తగునా?

బైబిలులో మనము పూటకాపు అని చదువువానిని కోర్టువారు జామీనుదారుడందురు. పేరేదైనను పని ఒక్కటే. ఒకని కొరకు మరియొకడు తన ఆస్తిని అడ్డుపెట్టి, ఇతడు వాయిదాకు వచ్చును, రానియెడల నేను చెల్లింతునని సంతకము చేయుట. ఈ సంతకము విశ్వాసి చేయవచ్చునా కూడదా అను ప్రశ్న మాకు పుస్తకములో ఎదురు కాలేదు, గుడి వరండాలో ఎదురాయెను.

గత సంవత్సరము జనవరిలో ఒక ఆదివారము ఆరాధన ముగిసి, సంఘపెద్దలమైన మేము కానుకలు లెక్కించుచుండగా ఒక విధవరాలు వచ్చి నిలువబడెను. ఆమె కుమారుడు కూలి చేసుకొని బ్రదుకువాడు. పొలములోని మోటారు దొంగిలించెనని అతనిమీద కేసు నడుచుచుండెను. మేజిస్ట్రేటుగారు బెయిలు ఇచ్చిరి గాని, పదివేల రూపాయల చొప్పున ఇద్దరు జామీనుదారులను తెమ్మనిరి. బెయిలు వచ్చి పండ్రెండు దినములైనను పిల్లవాడు జైలులోనే యుండెను. సంతకము చేయువారు లేరు. "అయ్యా, మీకు పాసుపుస్తకములున్నవి గదా" అని మాత్రము ఆమె అనెను.

మాలో ఒక పెద్ద వెంటనే సామెతల గ్రంథము ఆరవ అధ్యాయము తెరిచెను. పరునికొరకు మాట ఇచ్చినవాడు తన నోటిచేతనే ఉచ్చులో పడునని సొలొమోను అక్కడ హెచ్చరించుచున్నాడు. పదునొకండవ, పదునేడవ, ఇరువదిరెండవ అధ్యాయములలోను అదే హెచ్చరిక మరల కనబడును. మేమందరము తల యూపితిమి. ప్రార్థన చేసి ఆమెను పంపివేసితిమి. నిజము చెప్పవలెనన్న, ఆ దినము మాకు లేఖనము అక్కరకు వచ్చినది పాసుపుస్తకము దాచుకొనుటకే.

ఆమె ఏమి చేయును? చెవికమ్మలు అమ్మి, కోర్టు ఎదుట టీ దుకాణము వద్ద దొరికిన ఇద్దరు మనుష్యులకు డబ్బిచ్చెను. వారు ఆమె కుమారుని ముఖమైనను ఎరుగరు. కాగితములు పరిశీలించినప్పుడు అవే పత్రములు వేరే కేసులలోను పెట్టియున్నట్లు బయటపడెను. జామీను చెల్లలేదు, కమ్మల డబ్బు తిరిగి రాలేదు. ఈ కిరాయి జామీనుదారుల బెడద మన దేశమున క్రొత్తది కాదు. జామీను నిలుచువాడు తాను ఇదివరకు ఎందరికి నిలిచెనో కోర్టు ఎదుట తెలుపవలెనని 2005 నాటి సవరణ చట్టములో ఒక నిబంధన చేర్చిరి. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 486వ సెక్షనుగా నిలిచియున్నది.

ఇక్కడ చాటుమాటుగా జరుగు ఈ పని అమెరికాలో బోర్డు కట్టుకొని జరుగు వర్తకము. 1898లో సాన్ ఫ్రాన్సిస్కో నగరమున అది ఆరంభమైనదని చెప్పుదురు. మన బిడ్డలు అనేకులున్న టెక్సాసు, కాలిఫోర్నియా రాష్ట్రములలో కోర్టుల చుట్టుప్రక్కల అట్టి దుకాణములు నేటికిని కలవు. కోర్టు పదివేల డాలర్లు జామీను అడిగెననుకొందము. అంత సొమ్ము లేని కుటుంబము సాధారణముగా నూటికి పది చొప్పున వేయి డాలర్లు ఏజెన్సీకి చెల్లించును. ఏజెన్సీ మిగిలిన బాధ్యతను తనమీద వేసికొని కోర్టుకు బాండు వ్రాసియిచ్చును. దాని వెనుక ఒక భీమా కంపెనీ నిలుచును. ముద్దాయి నిర్దోషియని తేలినను ఆ వేయి డాలర్లు తిరిగి రావు. పెద్ద మొత్తమైనచో ఇల్లో కారో తాకట్టు అడుగుదురు, బంధువొకడు సంతకము చేయవలెను. మనిషి వాయిదాకు రాకపోయినయెడల ఏజెన్సీ మనుష్యులే వెదకి పట్టుకొని వత్తురు.

ఆ వర్తకులందరు దుర్మార్గులని మేము వ్రాయజాలము. రాత్రింబవళ్లు ఫోను ఎత్తుదురు, వాయిదాలమీద సొమ్ము తీసికొందురు, జైలు కాగితములు తామే నడిపింతురు, కోర్టు దినము జ్ఞాపకము చేయుదురు. రుసుము కొరకైనను ఆ దుకాణదారుడు అర్ధరాత్రి లేచి వచ్చును. మేము ఆదివారము పట్టపగలు కుర్చీలోనుండి లేవలేదు. అయినను ఆ దేశములోనే ఈ పద్ధతిమీద అసంతృప్తి పెరిగినది. కెంటకీ రాష్ట్రము 1976లో జామీను వర్తకమును నిషేధించెను. ఇల్లినాయ్ రాష్ట్రము 2023 సెప్టెంబరు 18 నుండి డబ్బు జామీనునే తీసివేసెను. వేయి డాలర్లున్నవాడు ఇంటికి, లేనివాడు జైలుకు పోవుచుండగా, నేరమును తూచుచున్నామో జేబును తూచుచున్నామో తెలియదని వారి వాదము.

ఇంగ్లండు న్యాయాధిపతులు 1885లో ఈ సంగతిని వేరొక వైపునుండి చూచిరి. సత్ప్రవర్తనకు జామీను తెమ్మని కోర్టు ఆజ్ఞాపించినవాడొకడు, జామీను సొమ్మంతయు ముందుగానే పూటకాపు చేతిలో పెట్టి, గడువు తీరిన పిమ్మట తిరిగి ఇమ్మని దావా వేసెను. అట్టి ఒప్పందమే చెల్లదని కోర్టు తీర్పు చెప్పెను. ఏలయనగా పూటకాపునకు పోవునది ఏమియు లేనప్పుడు అతడు ఆ మనిషిని కనిపెట్టి చూడవలసిన పని యేమి?

ఈ మాట చదివినప్పుడు మాకు యాకోబు ఇంటి కరవుదినములు జ్ఞాపకమునకు వచ్చెను. బెన్యామీనును ఐగుప్తునకు పంపవలసివచ్చినప్పుడు మొదట పూటపడినది రూబేను. అతడు ఏమి అడ్డుపెట్టెను? తన ఇద్దరు కుమారులను, అనగా ఇతరుల ప్రాణములను. ముసలి తండ్రి ఒప్పుకొనలేదు. తరువాత యూదా వచ్చి, నన్నే అడుగుము అనెను. అప్పుడు యాకోబు చిన్నవానిని పంపెను. యోసేపు ఎదుట గిన్నె దొరికిన గడియలో, ఆ చిన్నవానికి బదులు తానే దాసుడుగా నుందునని ముందుకు వచ్చినవాడును యూదాయే. రూబేను పూట పూట కాదు. టీ దుకాణపు జామీనును రూబేను జామీనే. సంఘపు స్థలము కాగితములు పెట్టి ఎవనినైనను విడిపింతమను పాస్టరును, ఎంత దయగలవాడైనను, ఆ వరుసలోనివాడే. ఆ స్థలము ఆయనది కాదు గదా.

అయితే సొలొమోను మాట సంగతి ఏమి? మా పెద్ద ఆ దినము చదివి ఆపిన చోటికి క్రింది వచనములు చదువుడి. పూటపడినవాడు ఏమి చేయవలెనో అక్కడ చెప్పబడియున్నది. నిద్ర మానుకొని ఆ పొరుగువానియొద్దకు వెళ్లి, తగ్గించుకొని, వానిని బలవంతపెట్టుమని యున్నది. జామీనుదారుని పని సరిగా ఇదియే. సొలొమోను ముఖ్యముగా భయపడినది అన్యుని అప్పునకు ఆలోచన లేక చేయి కలుపుటకు. కోర్టు జామీను అప్పు కాదు. అతడు దొంగ కాడని కూడ మనము సాక్ష్యమిచ్చుట లేదు. విచారణకు వచ్చునని మాత్రమే చెప్పుచున్నాము. దొంగకు జామీను నిలిచినవాడు దొంగయని ఊరిలో అనుకొను మాట చట్టమునకును న్యాయమునకును దూరము.

ఖర్చు లెక్క చూచుకొనకుండ ఎవరును సంతకము చేయవలదు. మనిషి రానియెడల కోర్టు జామీనుదారునికి నోటీసు పంపి కారణమడుగును. తగిన కారణము లేకున్న సొమ్ము వసూలు చేయును. వసూలు కానిచో ఆరు నెలలవరకు సివిలు జైలులో నుంచవచ్చును. కొంత సొమ్ము తగ్గించు అధికారమును కోర్టుకు కలదు. ఇక నిలువలేననుకొన్నవాడు మేజిస్ట్రేటునకు దరఖాస్తు పెట్టవచ్చును. ముద్దాయిని రప్పించిన పిమ్మట అతనిని విడుదల చేయుదురు. ఒకే ఎకరము నేల గల విధవరాలిని సంతకము చేయుమని ఒత్తిడి చేయుట మాకు తప్పుగా తోచుచున్నది.

పూటపడువారే లేనియెడల? 1978లో మధ్యప్రదేశ్‌కు చెందిన మోతీరామ్ అను తాపీపనివాని కేసులో మేజిస్ట్రేటు పదివేల రూపాయల జామీను అడిగి, అతని అన్నదమ్ముని ఆస్తి వేరొక జిల్లాలో నున్నదని ఆ జామీనును త్రోసివేసెను. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణ అయ్యర్ గారు దానిని తప్పుపట్టి, వేయి రూపాయల సొంత పూచీకత్తుమీద విడుదల చేయుమనిరి. దూరప్రాంతమున పట్టుబడిన ఆంధ్రునికి అక్కడి ఆస్తిపరుడు జామీనుగా ఎట్లు దొరకునని వారు ఆ తీర్పులోనే అడిగిరి. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మరియొక ఆజ్ఞ ఇచ్చెను. బెయిలు వచ్చి ఏడు దినములైనను మనిషి విడుదల కానియెడల జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలుపవలెను. నెల దాటినచో షరతులు సడలించవచ్చునేమోనని కోర్టు తానే చూడవచ్చును. ఆ సంస్థవారు పేదలయొద్ద రుసుము తీసికొనరు. ఆ తల్లికి ఈ సంగతి చెప్పదగినవారము మేమే. మాకే తెలియదు.

పందొమ్మిదవ దినమున మాలో ఇద్దరము వెళ్లి సంతకము చేసితిమి. ఆరవ అధ్యాయము చదివిన పెద్ద అందులో ఒకరు. పిల్లవాడు ఇంటికి వచ్చెను. నాలుగు వాయిదాలకు తప్పక హాజరాయెను. అయిదవ వాయిదా ఈ సంవత్సరము ఫిబ్రవరిలో. ఆ దినము అతడు రాలేదు. మాకు నోటీసు వచ్చెను. ఆ రాత్రి ఇద్దరిలో ఎవరికిని నిద్ర పట్టలేదు. తెల్లవారి బస్సెక్కి, మిరపకాయలు కోయు కూలీల గుంపులను విచారించుచు, రెండవ దినము సాయంకాలము ఒక కళ్లము ప్రక్కన అతనిని కనుగొంటిమి. తారీకు మరచితిననెను. మాకు కోపము వచ్చినమాట వాస్తవము, చేతిలోని మిరపఘాటుకు అతని కన్నులు ఎఱ్ఱబడియుండుట చూచి కొంత తగ్గినది. మరునాడే కోర్టుకు తీసికొని వెళ్లితిమి. మేజిస్ట్రేటుగారు మందలించి, మా కారణము అంగీకరించి, నోటీసు ముగించిరి.

కేసు ఇంకను తెగలేదు. తరువాతి వాయిదా తారీకు ఆ తల్లి ఇంటి తలుపుమీద సుద్దముక్కతో వ్రాసియున్నది, మా ఇద్దరి తలుపులమీదను వ్రాసియున్నది. ఆ ముందురోజు రాత్రి అతడు మా పెద్దగారి ఇంటనే పడుకొనవలెనని ఏర్పాటు.