రెండు గుమ్మముల మధ్య కూర్చున్న తండ్రి

ధ్యాన భాగము: 2 సమూయేలు 18:24 – 19:8



మహనయీములో రెండు గుమ్మముల మధ్య దావీదు కూర్చుండియున్నాడు. కావలివాడు పైనుండి దారి చూచుచున్నాడు. దూరమున ఎఫ్రాయీము అడవిలో యుద్ధము జరిగినది. జయమెవరిదని అడుగవలసినవాడు రాజు. అయితే పరుగెత్తి వచ్చిన ఇద్దరినీ ఆయన అడిగినది ఒక్కటే: తన చిన్నవాడు బ్రదికియున్నాడా అని.

ఈ ప్రశ్న మన తెలుగు పల్లెలకు క్రొత్తది కాదు. 2025 ఏప్రిల్ 22న పహల్గాములో 26 మంది చంపబడిరి. మే 7న మన సైన్యము దానికి బదులిచ్చెను. సరిహద్దు పొడవునా ఫిరంగులు మ్రోగెను. మే 9న నియంత్రణ రేఖయొద్ద పాకిస్తాను కాల్పులలో మురళీ నాయక్ అను అగ్నివీరుడు మరణించెను. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలము, కల్లితండా అతని ఊరు. తల్లిదండ్రులు ముంబయికి వలసపోయి కూలి చేసి పెంచిన ఒక్కగానొక్క కుమారుడు. మరునాడు, మే 10 సాయంకాలము, కాల్పులు ఆపుటకు ఇరుదేశములు ఒప్పుకొనెను. ఒక్క దినము, మరికొన్ని గడియలు! ఆ తల్లి ఈ లెక్కను ఎన్నిమార్లు వేసికొనునో దేవునికే తెలియును. మే 11 ఆదివారమున సైనిక లాంఛనములతో అతనిని సాగనంపిరి. అది తల్లుల దినముగా అనేక సంఘములు ఆచరించు ఆదివారము.

మన జిల్లాలోనే బాపట్ల మండలము కొత్తపాలెములో ఇట్టి ఇల్లు ఇంకొకటి గలదు. 2021 జులై 8న రాజౌరి జిల్లా సుందర్‌బనీ ప్రాంతమున ఉగ్రవాదులతో జరిగిన పోరులో మరుప్రోలు జశ్వంత్ రెడ్డి మరణించెను. అతనికి 23 ఏండ్లు.

ఇప్పుడు మరల గుమ్మమునొద్దకు రండి. మొదట వచ్చినవాడు అహిమయస్సు. వద్దన్నను వినక, మైదానపు మార్గమున పరుగెత్తి, ముందుగా బయలుదేరిన కూషీ వానిని దాటిపోయెను. జయవార్త చక్కగా చెప్పెను. పిల్లవాని సంగతి అడుగగానే, ఏదో పెద్ద అల్లరి చూచితిననియు, అదేమో తెలియలేదనియు పలికెను. 2025 మే నెల రాత్రులలో కొన్ని వార్తా చానళ్లు చేసిన పని ఇదే. పట్టుబడని పట్టణములు పట్టుబడెనని, కూలని రేవులు కూలెనని కేకలు వేసెను. సెల్లు చేతబట్టుకొని మనవారును వాటిని ఊరెల్ల పంచిరి. సైన్యములో కుమారుడున్న ఇంట ఆ కేకలు ఎట్లు వినబడునో అహిమయస్సుకు తెలియదు. అతనికి పరుగే ముఖ్యము.

తరువాత వచ్చినవాడు యోవాబు. రాజు గుమ్మముపైనున్న గదికెక్కి ఏడ్చుచుండగా, నీ ఏడ్పు నీ సేవకులకు అవమానమని గద్దించెను. రాజుకు రాజ్యభారము గలదు గనుక ఆ మాటలో న్యాయము లేకపోలేదు. అయితే కూలి చేసికొను తల్లికి ఏ రాజ్యభారమున్నది? దేశము కొరకు పోయెను, ఏడువవద్దమ్మా అని మనమెందుకు యోవాబు వేషము వేయవలెను? దేవుని చిత్తము అను మాట కూడ ఆ గడపలో అంత తొందరగా పలుకదగినది కాదు. నాయీను గవినియొద్ద మన ప్రభువు విధవరాలి ఏకైక కుమారుని పాడెను ముట్టి ఆపెను. ఆమెను ఏడువవద్దనినవాడు ఆమె కుమారుని ఆమెకు అప్పగించినవాడు. అప్పగింపలేని మనకు ఆ మాట పలుకు అధికారమెక్కడిది?

జయించిన సైన్యము ఆ దినమున దొంగచాటుగా పట్టణములో ప్రవేశించెనని లేఖనము చెప్పుచున్నది. ఆ సిగ్గు మాకు మంచిదిగానే తోచుచున్నది.

మురళీ నాయక్‌ను అబ్షాలోముతో పోల్చుచున్నారా అని ఎవరైన అడుగవచ్చును. లేదు. అబ్షాలోము తండ్రిమీద కత్తి ఎత్తినవాడు. ఈతడు కావలి కాయుచు పడినవాడు. మేము చూపుచున్నది ఆ తండ్రిని. ఎదుటి సేనలో చచ్చినవాడు ఆయనకు శత్రువు కాదు, బిడ్డ. ఆ దినమున అడవిలో 20,000 మంది కూలిరి. వారి తండ్రులు ఏ గదికెక్కి ఏడ్చిరో వ్రాయబడలేదు. దెబోరా కీర్తనలో సైతము, జయగీతము నడుమ, కిటికీయొద్ద నిలిచి రథము రాలేదేమని చూచుచున్న సీసెరా తల్లి మనకు కనబడుచున్నది. ఆమెను పరిశుద్ధాత్మ గ్రంథములోనుండి తీసివేయలేదు.

ప్రభుత్వము ధనమును భూమిని ప్రకటించెను, అది న్యాయమే. నాయకుల కార్లు వెళ్లిపోవును. పిమ్మట మిరప కోతలు వచ్చును, కల్లములో కాయలు ఆరబోయువేళ ఆ ఇంట ఒక మనిషి తక్కువ. మార్టూరు చుట్టుపట్ల పల్లెలలో తెల్లవారుజామున సైన్యపు ఎంపికలకై రోడ్డువెంట పరుగులు తీయు పిల్లలు మన సంఘములలో గలరు. వారి తల్లులను పేరుపెట్టి అడిగి తెలిసికొనుడి. కుమారుని కోల్పోయిన ఇల్లు మీ ఊరనుండినయెడల, క్రైస్తవులదైనను కాకపోయినను, పెద్దదినము దాటిన తరువాత వెళ్లుడి. ప్రసంగము చేయకుడి. వాడు చిన్ననాట ఎట్లుండెనో వారు చెప్పుచుండగా వినుడి.

ఈ నెల ఉపవాస కూటములో కల్లితండాను, కొత్తపాలెమును పేరుతో జ్ఞాపకము చేయుదము. సరిహద్దుకు ఆవల, పేరు మనకు తెలియని పల్లెలలో కిటికీయొద్ద నిలిచిన తల్లులను కూడ.