ఇరుగుపొరుగువారి వట్టి పాత్రలు

ధ్యాన భాగము: రాజులు రెండవ గ్రంథము 4:1–7



ఈ విధవరాలు ప్రవక్తల శిష్యులలో ఒకని భార్య. ఆమె భర్త భక్తిపరుడని ఎలీషాకు తెలియును. అయినను అతడు చనిపోగా బాకీ మిగిలెను. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా తీసికొనిపోవ వచ్చెను. అప్పుపడిన ప్రతి ఇల్లు దుబారా ఇల్లే అని తీర్పు చెప్పువారు ఈ మొదటి వచనమునొద్ద కొంచెము ఆగవలెను. 2019లో ప్రభుత్వము జరిపిన సర్వేలో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబములలో నూటికి 93, తెలంగాణలో నూటికి దాదాపు 92 అప్పుపడినట్టు తేలెను. ఇందరును దుబారాచేతనే చెడిరా? ఎండిన బోరు, ఆస్పత్రి ఖర్చు చాలును.

అయితే దుబారా లేదనియు చెప్పజాలము. హైదరాబాదు పాతబస్తీ అంచున జల్‌పల్లి వంటి చోట్లకు కూలికి పోయిన కుటుంబములను చూడుడి. అక్కడ గది అద్దె, కిరాణా ఖాతా, సాయంకాలము వచ్చు గిరిగిరివాని చీటీ ఉండగా, క్రిస్మసుకు ఊరికి వచ్చునప్పుడు బాగుపడినట్టు కనబడవలెనని మరల అప్పు చేయుదురు. కొత్త బట్టలు లేనివారు గుడికి రాకూడదని ఏ అపొస్తలుడును వ్రాయలేదు. పెండ్లి విందులో కూరలు లెక్కపెట్టు మనమే ఆ ఇంటివారిచేత అప్పు చేయించుచున్నాము. నూటికి మూడు రూపాయల వడ్డీకి 50,000 రూపాయలు తెచ్చినయెడల ఏడాదికి 18,000 రూపాయలు వడ్డీకే పోవును. అసలు అట్లే నిలిచియుండును. అది పిల్లల ఫీజు, బియ్యము. కిరాణా కొట్టునకును దర్జీకిని చేరవలసిన సొమ్ము వడ్డీకి పోగా వారి బేరమును తగ్గును.

ఇప్పుడు ఎలీషా మాట వినుడి. నీ ఇంట ఏమున్నదని అతడు అడిగెను. పిమ్మట ఇరుగుపొరుగువారియొద్ద వట్టి పాత్రలు ఎరువు తెమ్మనెను. ఎన్నో పాత్రలు అడుగునప్పుడు ఎందుకని వారు అడుగక మానరు. దాచిన బాకీ ఆ వీధికి తెలిసియే యుండును. అయినను వారు పాత్రలిచ్చిరి.

మన నాట ఇరుగుపొరుగు మరియొక విధముగా వాడబడెను. సూక్ష్మరుణ సంస్థలు స్త్రీలను గుంపులుగా కూర్చి, ఒకతె కట్టనియెడల తక్కినవారు కట్టవలెనని పూచీ పెట్టెను. ఒకే ఇల్లు మూడు నాలుగు సంస్థలకు బాకీపడెను. వారపు కిస్తు తప్పినప్పుడు గుమ్మమునొద్ద కూర్చున్నది పొరుగింటి అక్కయే. అవమానము సహింపలేక ప్రాణములు తీసికొన్నవారున్నారు. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, ఇంటిమీదికి పోక పంచాయతి కార్యాలయము వంటి బహిరంగ స్థలముననే వసూలు చేయవలెనని విధించెను. కిస్తులు చాలమట్టుకు నిలిచిపోయెను. ఇక్కడ నష్టపడిన సంస్థలు ఇతర రాష్ట్రములలోను అప్పులు తగ్గింపగా, ఆ జిల్లాల కూలివారి వేతనములు సహితము తగ్గెనని ఆర్థికశాస్త్రజ్ఞులు తరువాత చూపిరి. ఎక్కడి గుమ్మము, ఎక్కడి కూలి!

సంఘములో వడ్డీకి ఇచ్చువారును ఉన్నారు. వారికి నెహెమ్యా అయిదవ అధ్యాయము. పొలములు, ద్రాక్షతోటలు కుదువపెట్టిన తన జనుల మొర విని అతడు కోపపడెను. నూరవ పాలు సహితము తిరిగి ఇచ్చివేయుడని పెద్దలతో చెప్పెను. అది నెలకు నూటికి ఒకటి అని అనేకులు తలంతురు. మన ఊళ్లలో దానిని ధర్మవడ్డీ అందుము.

నూనె వచ్చిన తరువాత ఆ విధవరాలు మరల ప్రవక్తయొద్దకు వచ్చి తెలియజెప్పెను. ముందు అమ్మి అప్పు తీర్చుము, మిగిలినదానితో నీవును నీ పిల్లలును బ్రతుకుడని ఆయన వరుస చెప్పెను. మన ఇండ్లలో ఈ వరుస తప్పుటకు కారణము, భర్త చేసిన అప్పు భార్యకును, భార్య కట్టు కిస్తు భర్తకును తెలియకపోవుటయే.

కనుక వచ్చే ఆదివారము ఆరాధన తరువాత భార్యాభర్తలు కలిసి బాకీ కాగితములు, కుదువ చీటీలు, స్వయం సహాయక సంఘపు పాసుపుస్తకములు తీసికొని రండి. లెక్క తెలిసిన యౌవనస్థులు ఇద్దరు కూర్చుందురు. అధిక వడ్డీ అప్పు ఏది, ముందు తీర్చవలసినది ఏది అని కాగితముమీద వ్రాసి ఇచ్చెదరు. ఎవరి పేరును వేదికమీద చదువబడదు. ఆ నెల కిస్తుకు చాలనివారుంటే పెద్దలు కూడి చూచెదరు.