కుంచె లేని చేతులు

లండన్ నేషనల్ గ్యాలరీలో ఒక ముసలాయన బొమ్మ ఉంది. ముదురు ఎరుపు కోటు, తలకు టోపీ. పక్కకు తిరిగి కూర్చుని, ముఖం మాత్రం మనవైపు తిప్పాడు. డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ 1669లో, 63 ఏళ్ల వయసులో, తన ముఖాన్ని తానే ఇలా చిత్రించుకున్నాడు. ఆ అక్టోబరులోనే కన్నుమూశాడు.

1656లో ఆయన దివాలా తీశాడు. 1668లో చేతికందిన కొడుకు టైటస్ పోయాడు. ఇవన్నీ తెలిసి చూస్తే ఆ ముఖం నిండా దుఃఖమే కనిపిస్తుంది. నేనూ మొదట అలాగే చూశాను. కానీ ఆ దుఃఖంలో బొమ్మది ఎంత, నేను వెంట తెచ్చుకున్న కథది ఎంత?

మళ్ళీ నిదానంగా చూశాను. నుదుటి మీద రంగు మందంగా, ముడతలు తడిమితే తెలిసేలా ఉంది. బట్టలు మాత్రం చీకట్లో కలిసిపోతున్నాయి. కళ్ళ కింద సంచులు దిగాయి, నిజమే. అయినా ఆ చూపు జాలి అడగడం లేదు. అద్దంలో తనను తాను పరీక్షించుకుంటున్న పనివాడి చూపు అది. నాకు అందులో అలసట కంటే శ్రద్ధే ఎక్కువ కనిపిస్తుంది.

ఎక్స్‌రే తీసినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. పైరంగు కింద, మొదట ఆయన చేతిలో కుంచె ఉంది. ఆయనే దాన్ని చెరిపేసి, రెండు చేతులూ ఒకదానిలో ఒకటి ముడిచి పెట్టాడు. ఇప్పుడు ఆ చేతులు ఏ పనీ చేయడం లేదు. మన చూపు వాటి దగ్గర కాసేపు ఆగి, తిరిగి ఆ ముఖం దగ్గరికే వెళుతుంది.