మూగజీవి కడుపు, పోషకుడి ధర్మం

గృహస్థుడు నిత్యం ఆచరించవలసినవిగా ధర్మశాస్త్రాలు విధించిన పంచమహాయజ్ఞాలలో భూతయజ్ఞం ఒకటి. అంటే ఇంట్లో వండిన అన్నంలో కొంత భాగాన్ని తాను భుజించడానికి ముందే కుక్కలకు, కాకులకు, పురుగులకు నేలమీద విడిచిపెట్టడం. ఈ విధిలో ఇవ్వడం గురించి, ఇచ్చేవాడి శుద్ధి గురించి ఎంతో చెప్పారు గాని, ఆ ముద్ద తిన్న ప్రాణికి అది అరిగిందా లేదా అన్న విచారణ అంతగా కనిపించదు. వీధికుక్క విషయంలో ఆ విచారణ అవసరం పడి ఉండదు, ఎందుకంటే అది ఒక గడప దగ్గర దొరికింది వదిలేసి మరో గడపకు పోగలదు, కడుపులో బాగాలేనప్పుడు తిండి మానుకుని ఏ నీడనో పడుకోగలదు. గొలుసు కట్టి ఇంట్లో పెంచుకునే చిన్న కుక్కకు ఆ స్వేచ్ఛ లేదు. దాని నోటికి ఏది అందాలన్నది పూర్తిగా మరొకరి నిర్ణయమైనప్పుడు, దాని కడుపు బాగోగులు కూడా ఆ నిర్ణయించినవారి ధర్మంలో భాగమవుతాయా అన్నది ఇక్కడి ప్రశ్న.

రామగుండం బొగ్గు ప్రాంతంలో ఇది గ్రంథాలకు పరిమితమైన ప్రశ్న కాదు. సింగరేణి బొగ్గు సంస్థ గోదావరిఖనిలో కట్టించిన క్వార్టర్లలో భోజనాల వేళలను బాయి (గని) పని నిర్ణయిస్తుంది. ఒక వారం తెల్లవారకముందే, మరో వారం అర్ధరాత్రి దాటాక ఇంటి పెద్ద సద్ది విప్పవలసి వస్తుంది కాబట్టి, అతడి కంచం పక్కన కూర్చునే పొమేరియన్‌కు కూడా వేళాపాళా ఉండదు. ప్రేమతో కలిపి పెట్టే పచ్చిపులుసు అన్నంలో పచ్చి ఉల్లిపాయ ఉంటుంది. ఉల్లిలోని గంధక సమ్మేళనాలు కుక్క రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి. అలాగని అన్నమే దానికి పడదనడం సరికాదు, ఎందుకంటే తోడేలుతో పోలిస్తే పెంపుడు కుక్కలో పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు ప్రతులు ఎక్కువగా ఉన్నాయని 2013లో వెలువడిన పరిశోధన చూపింది. వేల ఏళ్లు మనిషి పంచన బతికిన ఫలితం దాని పేగులలోనే ఉంది, అందువల్ల దాని కడుపు మనిషికి సంబంధం లేని విషయమని ఎవరూ అనలేరు.

భగవద్గీత పదిహేనో అధ్యాయంలో కృష్ణుడు తాను వైశ్వానరాగ్నిగా ప్రాణుల దేహాలలో ఉండి నాలుగు విధాల అన్నాన్ని పచనం చేస్తానని చెబుతాడు. నాలుగు విధాలంటే కొరికి తినేవి, మింగేవి, నాకేవి, చప్పరించేవి అని వ్యాఖ్యాతలు వివరించారు. ఆ మాట మనుషుల దేహాలు అనక ప్రాణుల దేహాలు అనడం గమనించదగినది. దాని ప్రకారం కుక్క కడుపు కూడా ఈశ్వరుడి అగ్నికుండమే. ఆ పచనంలో కొంత భాగాన్ని పేగులలో నివసించే అసంఖ్యాక సూక్ష్మజీవులు నిర్వహిస్తాయని నేటి శరీరశాస్త్రం చెబుతుంది. పూర్వులకు సూక్ష్మజీవులు ముందే తెలుసునని ఈ శ్లోకం ఆధారంగా వాదించడం గీతకూ న్యాయం చేయదు, శాస్త్రానికీ చేయదు. జీర్ణక్రియ పవిత్రమని గీత చెప్పగా, అది ఎలా జరుగుతుందో శాస్త్రం చెబుతోంది.

ఆ సూక్ష్మజీవులకు తోడుగా ఇచ్చే ప్రొబయోటిక్ అంటే తగినంత మోతాదులో ఇచ్చినప్పుడు పుచ్చుకున్న ప్రాణికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవి అని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు 2001లో నిర్వచించారు. ఇంట్లో తోడుపెట్టిన పెరుగులోనూ సజీవ సూక్ష్మజీవులు ఉంటాయి గాని, వాటిలో ఎన్ని కుక్క జఠరంలోని ఆమ్లాన్ని తట్టుకుంటాయో లెక్క ఉండదు. పైగా ఎదిగిన కుక్కలు కొన్నింటికి పాలలోని చక్కెర అరగదు, రామగుండం ఎండలు 45 డిగ్రీలు దాటే రోజుల్లో గిన్నెలో మిగిలిన పెరుగన్నం సాయంత్రానికి పులిసి పాడవుతుంది. కుక్కల కోసం తయారైన పొడులలో ఎంటెరోకాకస్ ఫీసియం వంటి ఎంపిక చేసిన రకాలు నిర్ణీత సంఖ్యలో ఉంటాయి. మామూలు విరేచనాలు త్వరగా తగ్గడానికి అవి కొంత తోడ్పడవచ్చు గాని, పార్వో వైరస్‌కు, నులిపురుగులకు అవి మందు కావు. మూడు నాలుగు కిలోల ప్రాణి ఒక్కరోజు విరేచనాలతోనే ఒంట్లో నీరు కోల్పోయి సొమ్మసిల్లవచ్చు కనుక, రక్తం పడినా వాంతులు ఆగకపోయినా పొడి కలుపుతూ కూర్చోవడం దయ అనిపించుకోదు. వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకుపోవాలి.

మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు, తనను నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానంటాడు. ఆశ్రితుణ్ణి విడవకపోవడమనే ధర్మానికి అంతకన్నా గొప్ప ఉదాహరణ లేదు, అయినా విడవకపోవడం పోషణకు ఆరంభం మాత్రమే. ఆ తరువాతి మెట్టు తెలుగునేల మీదే, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై చెక్కిన అశోకుడి శాసనాలలో ఉంది. రెండో శాసనం మనుషులకు, పశువులకు రెండు విధాల చికిత్సలు ఏర్పాటు చేశామని, మనుషులకు పనికివచ్చే మూలికలను, పశువులకు పనికివచ్చే మూలికలను లేనిచోటికి తెప్పించి నాటించామని చెబుతుంది. ఎవరికి పనికివచ్చేది వారికి అని రెండుసార్లు విడివిడిగా పేర్కొనడంలోనే అసలు విషయం ఉంది: దయకు పాత్రమైన దేహం ఎలాంటిదో తెలుసుకోవడం కూడా ఆ దయలో భాగమే. గోదావరిఖని ఉన్న పెద్దపల్లి జిల్లాలోనే ధూళికట్ట బౌద్ధస్తూపం ఉంది కాబట్టి, ప్రాణికోటి పట్ల కరుణను బోధించిన ఆ మతం ఈ నేలకు కొత్తది కాదు.

జైనం లేవనెత్తే ప్రశ్న మరింత సూక్ష్మమైనది. ఆ మతమూ ఈ ప్రాంతానికి కొత్తది కాదు: 10వ శతాబ్దంలో జైనుడైన జినవల్లభుడు శాసనం వేయించిన బొమ్మలగుట్ట, పెద్దపల్లి పక్కనే ఉన్న కరీంనగర్ జిల్లాలోనిది. ఆ మతం కంటికి కనిపించని జీవులను కూడా జీవులుగానే లెక్కిస్తుంది. అలాంటప్పుడు ఒక ప్రాణిని కాపాడడానికి కోట్ల ప్రాణులను దాని కడుపులోకి పంపడం, మందుతో కోట్ల ప్రాణులను చంపడం హింస కావా? మునులకు విధించిన మహావ్రతాన్ని, గృహస్థులకు విధించిన అణువ్రతాన్ని జైనం వేరు చేసింది. గృహస్థు తప్పించలేని హింసను అంగీకరిస్తూనే, అవసరం లేనిదాన్ని మానుకోవాలి. ఈ కొలతతో చూస్తే ప్రొబయోటిక్ విషయంలో పెద్ద దోషం కనిపించదు. ఇంట్లో మిగిలిన మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్ మాత్రను డాక్టరును అడగకుండా సగం విరిచి కుక్కకు మింగించడంలో మాత్రం దోషం ఉంది, ఎందుకంటే ఆ మందు మేలుచేసే సూక్ష్మజీవులను కూడా తుడిచిపెడుతుంది, ఆపిన తరువాత కూడా కొన్ని వారాలపాటు పేగులు మునుపటి స్థితికి రాకపోవచ్చు, ఆ బాధ పడేదేమో తనకేమైందో నోరు విప్పి చెప్పలేని ప్రాణి.